మృతుని వెల యెవరిది?

మా పాఠశాలలో ఎనిమిదవ తరగతి చదువుచున్న బాలుడొకడు కొన్నినాళ్లు బడికి రాలేదు. వాని తండ్రి వడ్రంగి. తెల్లవారుజామున సైకిలుపై పనికి పోవుచుండగా వెనుకనుండి వచ్చిన లారీ యొకటి కొట్టినది. ఆసుపత్రికి చేర్చులోపలనే ప్రాణము పోయినది. పదునొకండవ దినమున పలుకరించుటకై పోయితిని. ఇంటి అరుగుమీద మృతుని అన్నగారును, కులపెద్దలిద్దరును, లారీ యజమాని పంపిన మధ్యవర్తి యొకడును కూర్చుండియుండిరి. వారి నడుమ స్టాంపు కాగితమొకటి యుండెను. రెండు లక్షల రూపాయలు పుచ్చుకొని, ఇకమీదట ఏ దావాయు వేయబోమని వ్రాసి యియ్యవలెనట! ఆ కాగితముపై వ్రేలిముద్ర వేయవలసిన యామె తలుపుచాటున నుండెను. ఆమె యభిప్రాయము నెవరును అడుగలేదు.

“పోయినవాడు తిరిగి వస్తాడా మాస్టారూ? కోర్టుల చుట్టూ ఎవరు తిరుగుతారు?” అని అన్నగారు నాతో ననెను. ఆయన దుర్మార్గుడు కాడు, దహనాదులకు అప్పుచేసినవాడు. అంతలో ఆ బాలుడు నాచెంతకు వచ్చి, “మాస్టారూ, మా నాన్న వెల రెండు లక్షలని ఎవరు కట్టారండీ?” అని మెల్లగా నడిగెను.

నాకు సమాధానము తోచలేదు. ఇంటికి వచ్చి, ఎరిగిన ప్లీడరుగారిని అడిగియు, పుస్తకములు తిరుగవేసియు కొంత తెలిసికొంటిని. తెలిసికొన్నకొలదియు ఆ పిల్లవాని ప్రశ్న రెండు ప్రశ్నలుగా విడిపోయినది. ఒకరి తప్పిదమువలన ఒకడు మరణించినయెడల చెల్లింపవలసిన ధనమెంత యనునది మొదటిది. ఆ ధనము ఎవరికి చెందవలె ననునది రెండవది. మొదటి దానినిగూర్చియే లోకము వాదించుచుండును. చరిత్ర నడిపించినది మాత్రము రెండవ ప్రశ్నయే. రాజునకా, పురోహితునకా, వంశమునకా, లేక మృతుని సంపాదనపై జీవించిన భార్యాబిడ్డలకా? ఈ చివరి యుత్తరము దొరకుటకు అనేక శతాబ్దములు పట్టినది.

ప్రాచీనుల మార్గము

మన ప్రాచీన గ్రంథములలో ఈ విషయము లేకపోలేదు. ఋగ్వేదమునందే ‘వైరదేయ’ మను మాట కలదు. వైరము తీరుటకై యిచ్చు ధనమని దానికి పండితులు అర్థము చెప్పుదురు. ఆంధ్రదేశపు బ్రాహ్మణ కుటుంబములలో పెక్కుమంది అనుసరించు ఆపస్తంబ ధర్మసూత్రము, క్షత్రియుని చంపినవాడు 1000 గోవులను, వైశ్యుని చంపినవాడు 100, శూద్రుని చంపినవాడు 10 గోవులను వైరనివారణార్థమై యియ్యవలెననియు, ప్రతిచోటను ఒక వృషభమును అధికముగా చేర్చవలెననియు విధించుచున్నది. ఒకానొక కాలమున ఈ గోవులు హతుని బంధువులకు చేరెడివని ఊహించుటకు ఆ వైరశబ్దమే యాధారము. వైరము పూనువారు బంధువులేగదా! కాని బౌధాయనుని సూత్రమునందు ఆ గోవులు రాజునకు చేరుచున్నవి. మనుస్మృతి నాటికి అది ప్రాయశ్చిత్తదానమై బ్రాహ్మణునకు చెందినది. చంపినవాని పాపము తీరుటకు మార్గమేర్పడినది. చచ్చినవాని యింట పొయ్యి వెలుగుటకు మార్గము మాత్రము మరుగుపడినది.

ఇందు మరియొక విషాదము కలదు. ప్రాణమునకు వర్ణమునుబట్టి వెల కట్టుటయే గాక, ఆత్రేయి యనదగిన స్త్రీని మినహాయించి, తక్కిన స్త్రీవధను శూద్రవధతోను, గోవధతోను సమానముగా బౌధాయనుడు చెప్పెను. మన పూర్వులయెడ గౌరవముండుట ధర్మమే; ఉన్నదానిని ఉన్నట్లు చదువుటయు ధర్మమే.

ఇట్టి యాచారము మన దేశమునకే పరిమితమైనది కాదు. ప్రాచీన ఆంగ్లేయులలోను మనిషికి వెల కట్టి బంధువులకు చెల్లించు పద్ధతి యుండెను. అక్కడను హోదానుబట్టియే వెల. ఇస్లాము ధర్మశాస్త్రమునందలి ‘దియత్’ హతుని వారసులకు చెందు ధనము. మన దేశమున నవాబుల కాలమునాటి నేరవిచారణలు ఆ శాస్త్రమునుబట్టియే జరిగెడివి. 1790లో కారన్‌వాలీసు బంగాళమునందు, హతుని బంధువుల యిష్టమునుబట్టి హంతకుని విడిచిపెట్టు పద్ధతిని తొలగించెను. హత్య యనునది రాజ్యముపట్ల చేసిన నేరము, దానిని రాజ్యమే శిక్షింపవలెనను సిద్ధాంతము స్థిరపడెను. ఇది మంచిమార్పే. ధనవంతుడు బీదవాని బంధువులను బెదరించి క్షమ కొనుక్కొనుట కిది కొంత యడ్డుపడెను. కాని తొలగించిన ధనమునకు మారుగా వితంతువునకు ఏమి యిచ్చిరి? ఏమియు లేదు. శిక్ష రాజ్యమునదైనది, ఆకలి కుటుంబమునదైనది.

ఇంగ్లండులోని వింతన్యాయము

ఆకాలపు ఇంగ్లండులోను స్థితి యింతకన్న మేలుగా నుండలేదు. భార్యను కొట్టి చంపినవానిపై భర్త వేసిన వ్యాజ్యములో 1607లోనే న్యాయస్థానము, నేరము రాజునకు సంబంధించినది గనుక భర్త ఫిర్యాదు అందులో మునిగిపోయినదని చెప్పినది. 1808లో వచ్చిన బేకర్ వర్సెస్ బోల్టన్ అను వ్యాజ్యము మరింత ప్రసిద్ధము. గుఱ్ఱపుబండి తలక్రిందులై వాది గాయపడెను. అతని భార్య సుమారొక నెల దినములు బాధపడి మరణించెను. లార్డు ఎలెన్‌బరో అను న్యాయాధిపతి, మనుష్యుని మరణము సివిలు న్యాయస్థానమున ఫిర్యాదు చేయదగిన నష్టము కాదని జ్యూరీకి బోధించెను. భర్తకు తన దెబ్బలకును, భార్య జీవించియున్న ఆ నెల దినములు ఆమె సాహచర్యము లోపించినందులకును మాత్రము 100 పౌనులు వచ్చెను. ఆమె మరణించిన క్షణమునుండి నష్టము లెక్కకు రాలేదు.

దీని ఫలితమును పాఠకులు యోచింపుడు. బండివాడు ఒకని కాలు విరుగగొట్టినయెడల జీవితాంతము నష్టపరిహారమిచ్చుకొనవలెను. ఒక్కపెట్టున చంపినయెడల ఏమియు నీయనక్కరలేదు! గాయపరచుటకన్న చంపుట చవుకయైన న్యాయమిది.

ఆ దేశముననే ‘డియోడాండు’ అను మరియొక ప్రాచీనాచారము కలదు. మనుష్యుని మరణమునకు కారణమైన వస్తువు, బండి గాని, ఎద్దు గాని, దాని వెల గాని రాజునకో, రాజునుండి ఆ హక్కు పొందిన భూస్వామికో చెందవలెను. రైలుబండ్లు వచ్చినపిమ్మట జ్యూరీలు ఈ పాతకత్తికి పదును పెట్టసాగిరి. 1841 డిసెంబరు 24వ తేదీన సోనింగు కనుమలో రైలు పట్టాలు తప్పి కూలివాండ్రు మరణించినపుడు, జ్యూరీ ఆ యంత్రముపై 1000 పౌనుల డియోడాండు విధించెను. జనుల కోపము తీరెనేమోగాని, విధించిన దండుగయందు చనిపోయిన కూలివాని భార్యకు హక్కు లేదు.

ఇట్టి సమయమున లార్డు క్యాంబెల్ పూనికచే 1846లో రెండు శాసనములు ఒక్కసారియే వచ్చెను. ఒకటి డియోడాండును రద్దుచేసినది. రెండవది, ఒకని తప్పిదమువలన మరణము సంభవించినయెడల మృతుని భార్య, భర్త, తలిదండ్రులు, బిడ్డలు, వీరి మేలుకొరకు దావా వేయవచ్చునని యేర్పరచినది. రాజు చేతినుండి ధనమును తీసి ఆశ్రితుల చేతిలో పెట్టిన సంవత్సరమిది. నా యెరుకలో ఈ చరిత్రకంతటికిని ఇదియే మలుపు.

మన దేశమున 1855

ఈ శాసనమునకు మన దేశపు ప్రతిరూపము 1855వ సంవత్సరపు 13వ చట్టము. ఘోరప్రమాదముల చట్టమని చెప్పుకొనవచ్చును. అప్పటికి బొంబాయి, ఠాణాల నడుమ రైలు నడువనారంభించి రెండేండ్లయినది. చెన్నపట్టణపు రాయపురమునుండి రైలు 1856లో బయలుదేరినది. యంత్రములతోపాటు యంత్రప్రమాదముల బాధ్యతయు రావలెనను దూరదృష్టి కొంతవరకు కనబడుచున్నది. మృతుని పక్షమున నొకే దావా వేయవలెను. వచ్చిన సొమ్మును ఆశ్రితులకు న్యాయస్థానము పంచవలెను. తాతయు అవ్వయు తలిదండ్రులలోను, మనుమలును సవతిబిడ్డలును బిడ్డలలోను చేరుదురు. దావా వేయుటకు ఇప్పటి గడువు మరణించిన తేదీనుండి 2 సంవత్సరములు. ఈ చట్టము నేటికిని సజీవము. 2023 నాటి నూతన నేరప్రక్రియా స్మృతిలో కూడ, మరణమునకు కారణమైన నేరస్థునిపై విధించిన జుల్మానానుండి ఆశ్రితులకు పరిహారమిప్పించు నిబంధనలో దీని పేరు చెప్పబడియున్నది.

దీని వెనువెంటనే, అనగా 1856లో, విధవావివాహ చట్టము వచ్చినది. ఈ రెండును ఏడాది యెడముతో పుట్టిన యక్కచెల్లెండ్రు. భర్తను కోల్పోయిన స్త్రీ పరిహారమడుగవచ్చునని ఒకటియు, మరల సంసారము చేసికొనవచ్చునని మరియొకటియు చెప్పినవి. కాని ఆ రెండవ చట్టముననే, పునర్వివాహము చేసికొన్న స్త్రీకి పూర్వభర్త యాస్తియందలి హక్కు పోవునని యుండెను. రాజమహేంద్రవరమున 1881 డిసెంబరు 11వ తేదీన వీరేశలింగము పంతులుగారు తొలి వితంతువివాహము జరిపించిననాడును ఈ షరతు అమలులోనే యున్నది.

ఆ షరతుయొక్క నీడ పరిహారముపైనను పడినది. ఇంగ్లండులో వితంతువు మరల పెండ్లాడు అవకాశమెంత కలదో న్యాయాధిపతులు అంచనావేసి, ఆమేరకు సొమ్ము తగ్గించెడివారు. స్త్రీ రూపలావణ్యములను బోనులో నిలబెట్టి తూచు ఈ యనాగరికతను 1971లోగాని ఆ దేశము మానలేదు. మన దేశమున 2023లోను ఒక బీమాసంస్థ, వితంతువు పునర్వివాహము చేసికొన్నది గనుక ఆమెకు పరిహారము లేదని వాదించినది. పరిహారము పొందుటకై యామె జీవితాంతము వితంతువుగా నుండవలెనని యాశింపరాదని బొంబాయి హైకోర్టు ఆ వాదమును త్రోసిపుచ్చినది. పంతులుగారు బ్రదికియుండిన నీ తీర్పు చదివి సంతసించియుందురు.

పనిలో పోయిన ప్రాణము, త్రోవలో పోయిన ప్రాణము

1855 చట్టమున నొక చిక్కు కలదు. తప్పు ఎదుటివానిదని వాది రుజువు చేయవలెను. గనిలోను, మిల్లులోను చచ్చిన కూలివాని భార్య యెక్కడనుండి సాక్ష్యము తెచ్చును? తోడికూలీలు యజమానుని జీతగాండ్రు. ఈ కష్టమును తీర్చుటకు 1923లో కార్మికుల నష్టపరిహార చట్టము వచ్చినది. పనివలన, పనిసమయమున మరణము సంభవించినదా యనునదే ముఖ్యప్రశ్న. తప్పెవరిదన్న విచారణ యక్కరలేదు. ఆనాడు పరిమితి స్వల్పము: 30 నెలల జీతము లేక 2,500 రూపాయలు, ఏది తక్కువయైన నది. కాని సూత్రము గొప్పది. పిదపటి సవరణలతో ఆశ్రితుల పట్టికలో వితంతువైన కోడలు కూడ చేరినది. ఈ చట్టము 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలో కలిపివేయబడినది.

ఈ చట్టములోని యొక నియమమును ప్రత్యేకముగా స్మరింపవలెను. మరణపరిహారమును యజమానుడు నేరుగా కుటుంబపు పెద్ద చేతిలో పెట్టరాదు. కమీషనరు కార్యాలయమున జమకట్టవలెను. అచ్చటనుండియే పంపకము జరుగవలెను. అరుగుమీది బేరములలో వితంతువు వాటా యేమగునో యెరిగినవారే ఈ నియమము వ్రాసియుందురు.

త్రోవప్రమాదముల విషయమున 1939 నాటి మోటారువాహనముల చట్టము బీమాను తప్పనిసరి చేసినది. 1956 సవరణచే ప్రత్యేక ట్రిబ్యునళ్లు వచ్చినవి. 1982లో తప్పు రుజువు కాకున్నను మృతుని కుటుంబమునకు 15,000 రూపాయలియ్యవలెనను నిబంధన చేర్చబడినది. ఇప్పుడున్నది 1988 నాటి చట్టము. ఇందు అర్జీ పెట్టుకొనుటకు మృతుని ‘చట్టరీత్యా ప్రతినిధులు’ అర్హులు. ఈ మాటకు 1987లో సుప్రీంకోర్టు విశాలార్థము చెప్పి, మృతుని సోదరుడును పరిహారము కోరవచ్చుననెను. 1855 పట్టికలో అన్నదమ్ములు లేరు. ఆ పట్టిక ఆంగ్లేయుల గృహమునుబట్టి వ్రాసినది. అన్న సంపాదనపై తమ్ముడు చదువుకొను మన యిండ్లకు ఆ తీర్పువలన చోటు దొరకినది.

ఇల్లాలి పనికి వెల

చదువరులలో గృహిణులు పెక్కుమంది యుందురు గావున ఈ ఘట్టమున కొంచెము నిలిచెదను. చనిపోయినది ఇల్లాలైనచో నష్టమెంత? చిరకాలము న్యాయస్థానములు ఆమెను ‘సంపాదన లేనిది’గా లెక్కించినవి. 1994లో చేర్చిన పట్టికయందు సంపాదనలేనివారికి ఏటికి 15,000 రూపాయల ఊహాదాయమును, సంపాదనలేని భార్యకు భర్త యాదాయములో మూడవవంతును నిర్ణయించిరి.

1989 మార్చి 3వ తేదీన జంషెడ్‌పూరులో ఒక యుత్సవమున పందిరి యంటుకొని అనేకులు, అందు స్త్రీలును బిడ్డలును, మరణించిరి. ఆ వ్యాజ్యమున 2001లో సుప్రీంకోర్టు, గృహిణి చేయు పలువిధముల సేవలను గణించి, నడివయస్సు గృహిణులకు నెలకు 3,000 రూపాయల చొప్పున విలువ కట్టినది. 2010లో మరియొక తీర్పున, జనాభా లెక్కలలో గృహిణులను బిచ్చగాండ్రతోను ఖైదీలతోను ఒక్క తరగతిగా చేర్చుటను తీవ్రముగా గర్హించినది. 2021లో, గృహిణి యూహాదాయమునకు భవిష్యద్వృద్ధిని కూడ కలుపవలెనని చెప్పినది. గోవధతో సమానముగా చెప్పిన నాటినుండి ఇచ్చటికి వచ్చుట చిన్నప్రయాణము కాదు. అయినను మన యిండ్లలో, “మా ఆవిడ ఏమీ చెయ్యదండీ, ఇంట్లోనే ఉంటుంది” అనుట మానితిమా?

రాజ్యమే కారణమైనపుడు

ప్రమాదమునకు ప్రభుత్వోద్యోగులే కారకులైనచో? రాజు తప్పు చేయడను పాతసిద్ధాంతము చాలకాలము అడ్డుగా నిలిచెను. 1964లో, పోలీసులు స్వాధీనపరచుకొన్న బంగారము పోయిన వ్యాజ్యమున, అది సార్వభౌమాధికార విధి గనుక ప్రభుత్వము బాధ్యురాలు కాదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది.

ఈ గోడను పగులగొట్టిన వ్యాజ్యములలో నొకటి మన కర్నూలు జిల్లాది. 1977 మేనెలలో కోవెలకుంట్ల సబుజైలులో నున్న తండ్రీకుమారులపై రాత్రివేళ శత్రువులు బాంబులు విసరిరి. తమకు ప్రాణభయము కలదని వారు ముందే తెలిపియుండిరి. కావలి చాలినంత లేదు. తండ్రి మరణించెను. కుమారులు 10 లక్షల రూపాయలకు దావా వేసిరి. క్రింది కోర్టు గడువు మించినదని కొట్టివేసెను. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు మాత్రము, రాజ్యాంగము 21వ అధికరణముచే ప్రసాదించిన ప్రాణహక్కు ముందు సార్వభౌమత్వపు వాదము నిలువదని చెప్పి 1,44,000 రూపాయలు డిక్రీ యిచ్చెను. 2000లో సుప్రీంకోర్టు దానిని ఖాయపరచెను. ఈ నడుమనే, 1993లో, ఒరిస్సాలో పోలీసు కస్టడీలో కుమారుని పోగొట్టుకొన్న తల్లి యొకతె వ్రాసిన ఉత్తరమునే అర్జీగా స్వీకరించి అదే కోర్టు 1,50,000 రూపాయలిప్పించినది.

దీనికి మారుముఖము భోపాలు. 1984 విషవాయు దుర్ఘటన పిమ్మట, 1985 చట్టముచే బాధితులందరి పక్షమున దావా వేయు నధికారమును కేంద్రప్రభుత్వమే తన చేతిలోనికి తీసికొన్నది. 1989లో 47 కోట్ల డాలర్లకు రాజీపడినది. బీదలు విదేశీ సంస్థతో పోరాడలేరనుట నిజమే. కాని ఆ రాజీనాడు వితంతువులను అడిగినవారెవరు? పెద్ద యరుగుమీద జరిగిన బేరమది. ఎవరి హక్కో వారిని అడుగక చేసిన రాజీ, మేలుకోరి చేసినదైనను, లోపముగలదే.

నేడు కుటుంబము చేయదగినవి

ఇంతవరకు చరిత్ర. ఇక దీని ఫలమును గృహస్థులు ఎట్లు అనుభవింపవలెనో సంగ్రహముగా చెప్పెదను.

త్రోవప్రమాదమైనచో ట్రిబ్యునలులో అర్జీ. ప్రమాదము జరిగిన చోటనే కాక, అర్జీదారులు నివసించు ప్రాంతపు ట్రిబ్యునలులోను వేయవచ్చును. 2019 సవరణ 6 నెలల గడువు పెట్టినది. అది 2022 ఏప్రిలు 1 నుండి అమలైనది. ఆ గడువు న్యాయమా కాదా యను వివాదము సుప్రీంకోర్టు వరకు పోయినది గాని, వివాదముపై ఆధారపడుటకన్న 6 నెలలలోపల వేయుటయే క్షేమము. కొట్టిన వాహనమేదో తెలియనిచో 2 లక్షల రూపాయల పథకము కలదు. దానికి రెవిన్యూ అధికారులకు దరఖాస్తు పెట్టుకొనవలెను. రైలుప్రమాదమందుగాని, కదలు రైలునుండి పడిగాని ప్రయాణికుడు మరణించినచో రైల్వే క్లెయిములు ట్రిబ్యునలు. సికింద్రాబాదున దాని పీఠము కలదు. గడువు 1 సంవత్సరము. 2017 నుండి మొత్తము 8 లక్షలు. ఆత్మహత్యకును, త్రాగి తెచ్చుకొన్న చావునకును ఇది వర్తింపదు.

వైద్యుని యజాగ్రత్తయని తలచినచో, 1995 తీర్పు పిమ్మట వినియోగదారుల కమీషను నాశ్రయింపవచ్చును. గడువు 2 సంవత్సరములు. రోగి చనిపోవుటయే వైద్యుని తప్పునకు రుజువు కాదని మాత్రము మరువరాదు. ఎల్లరకును ఉచితముగా వైద్యముచేయు ఆసుపత్రులు ఈ చట్టమున రావు. హత్యాది నేరములలో, నేరస్థుడు దొరకకున్నను, జిల్లా న్యాయసేవాధికార సంస్థద్వారా బాధితుల పరిహార పథకము కలదు. ఆ సంస్థయే స్త్రీలకు, వారి యాదాయముతో నిమిత్తము లేకుండ, ఉచితముగా వకీలును నియమించును. లోకదాలతులో రాజీ త్వరితమైనదే. కాని దానిపై అప్పీలు లేదు గనుక ఒప్పుకొనుటకు ముందే లెక్క తెలియవలెను.

ఆ లెక్క యెట్టిదో మా వడ్రంగి విషయముననే చూపెదను. 2009, 2017 సంవత్సరముల సుప్రీంకోర్టు తీర్పులు ఈ పద్ధతిని స్థిరపరచినవి. అతని వయస్సు 35. నెలకు 12,000 రూపాయల సంపాదన. 40 ఏండ్లలోపు స్వంతపనివానికి భవిష్యద్వృద్ధిగా నూటికి 40 కలుపవలెను; 16,800 అయినది. ఏటికి 2,01,600. భార్య, ఇద్దరు బిడ్డలు, తల్లి, నలుగురు ఆశ్రితులు గనుక మృతుని స్వంతఖర్చు క్రింద నాలుగవవంతు తీసివేయగా 1,51,200. ఆ వయస్సునకు గుణకము 16. హెచ్చింపగా 24,19,200 రూపాయలు. అంత్యక్రియలు మొదలగువాని క్రింద మరికొంత చేరును. సంపాదన రుజువు కాకున్నను, మృతుని తప్పు కొంత తేలినను ఇది తగ్గును. ఎంత తగ్గినను రెండు లక్షలతో పోల్చి చూచుకొనుడు!

కావున మొదటి దినములలో చేయవలసినది కాగితములు భద్రపరచుట. పోలీసుల ప్రథమ సమాచార నివేదిక, శవపంచనామా, పోస్టుమార్టము నివేదిక, మరణ ధ్రువపత్రము, వయస్సునకును సంపాదనకును నిదర్శనములు, ఇవి వితంతువు పేటికలో నుండవలెను. బావగారి జేబులో గాదు. వచ్చిన సొమ్ము వ్యర్థము కాకుండ మైనరుల వాటాను, చదువురాని అర్జీదారుల వాటాను బ్యాంకులో దీర్ఘకాలపు డిపాజిటుగా నుంచవలెనని 1994లో సుప్రీంకోర్టు ట్రిబ్యునళ్లకు సూచించినది. కొందరు దీనిని నిర్బంధమని విసుగుకొందురు. అరుగుమీది అప్పులవాండ్రను చూచినవారు విసుగుకొనరు.

ఈ లెక్క నంతయు నొక చీటిపై వ్రాసి మరునాడు ఆ యింటికి తీసికొనిపోయితిని. అన్నగారు దానిని రెండుమార్లు చదివి మౌనము వహించెను. ఆమె మాత్రము తలుపుచాటునుండి ఇవతలికి వచ్చి, “నేను వేలిముద్ర వెయ్యను బావగారూ. మీ అప్పు నేను తీరుస్తాను గానీ, నా పిల్లల హక్కు రాసివ్వను” అని నిదానముగా ననెను. ఆ యింట ఆమె గొంతు నేను వినుట అదియే మొదలు. న్యాయసేవాసంస్థ యిచ్చిన వకీలు నాలుగవ నెలలో అర్జీ దాఖలు చేసెను. విచారణ జరుగుచున్నది, ఫలమెట్లుండునో నేను చెప్పలేను. అన్నగారే సాక్షిగా పోవుచున్నారు.

బాలుడు మరల బడికి వచ్చుచున్నాడు. వాని ప్రశ్నకు ఇప్పుడు నేను చెప్పగలిగిన సమాధానమిది: “మీ నాన్నకు వెల కట్టడం ఎవరి తరమూ కాదురా. ఆయన మీకోసం చేయబోయినదానికి మాత్రం లెక్క ఉంది. ఆ లెక్క అడిగే హక్కు మీ అమ్మదీ, మీదీ, మీ నాయనమ్మదీ.” ఈ మాట ప్రతి గ్రామములోను నలుగురు చదువుకొన్నవారికి తెలిసియున్నచో, పదునొకండవనాటి యరుగులపై కాగితము విప్పుటకు ముందు తలుపుచాటున నున్నయామెను పిలుచుట యలవాటగును.